ఊళ్ల లిస్టులు ముక్కూమొహం తెలియని వెబ్‌సైట్లలో పేస్ట్ చేయొద్దు, టెక్స్ట్ ఎడిటర్‌లోనే పని అయిపోతుంది

సంపాదకులు గారికి నమస్కారం.

మీ పత్రిక చదువుల పేజీలో కంప్యూటర్ కోర్సుల గురించి, ఏఐ గురించి తరచూ రాస్తున్నారు, సంతోషం. కానీ మా నల్లగొండలో, పక్కన పాలమూరులో రోజంతా కంప్యూటర్ ముందు కూర్చుని బతికేవాళ్లకు వెంటనే పనికొచ్చే ఒక సంగతి ఎక్కడా కనిపించడం లేదు, అందుకే నేనే రాస్తున్నాను. నాది డీటీపీ పని, అంటే కంప్యూటర్‌లో మ్యాటర్ టైప్ చేసి అచ్చుకు సిద్ధం చేయడం. బయటివాళ్లు మేం పెళ్లి కార్డులు, ఫ్లెక్సీలు చేస్తామనుకుంటారు గానీ మా టైమ్ ఎక్కువగా తినేది లిస్టులు. సంఘం సభ్యుల లిస్టు, చెరువుగట్టు జాతరకు చందా ఇచ్చినవాళ్ల లిస్టు, మక్తల్ వైపు నుంచి ముంబయి, పుణె పనికి పోయిన కూలీల లిస్టు, ఇలా. అవి వాట్సాప్‌లో ముక్కలు ముక్కలుగా వస్తాయి. ఒకే పేరు రెండు మూడు సార్లు ఉంటుంది, ఫోన్ నంబర్ల ముందు ఒకచోట ప్లస్ తొంభై ఒకటి ఉంటుంది ఒకచోట ఉండదు, మధ్యలో ఖాళీలు, ఊరి పేరు ఒక్కొక్కరు ఒక్కో రకంగా రాస్తారు.

ఇప్పుడు చాలా షాపుల్లో ఏం జరుగుతోందంటే, కుర్రాడు బ్రౌజర్ తెరిచి డూప్లికేట్లు తీసేసే సైటు ఏదో వెతికి, మొదట వచ్చిన దాంట్లో ఆ లిస్టు మొత్తం పేస్ట్ చేసి, బటన్ నొక్కి, వచ్చింది కాపీ చేసుకుంటున్నాడు. అను అనే పాత తెలుగు ఫాంటులో ఉన్న మ్యాటర్‌ను, ఫోన్లలో, నెట్‌లో చదవగలిగే యూనికోడ్‌లోకి మార్చాలన్నా అదే పద్ధతి. ఆ లిస్టులో మనుషుల పేర్లు, ఫోన్ నంబర్లు, ఆధార్ నంబర్లు, బ్యాంకు ఖాతాలు ఉంటాయి. ఆ సైటు ఎవరిది, సర్వర్ ఏ దేశంలో ఉంది, పేస్ట్ చేసింది దాచుకుంటారా చెరిపేస్తారా, ఎవరికీ తెలియదు. మన దేశంలో డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం 2023 ఆగస్టులో వచ్చింది. చట్టం మాట పక్కన పెట్టినా, పొద్దున్నే బస్సెక్కి వచ్చి తన ఆధార్ నకలు మన చేతికి ఇచ్చిన మనిషి మనల్ని నమ్మి ఇచ్చాడు, ఎక్కడో ఉన్న వెబ్‌సైటును నమ్మి కాదు. నాకు నిజంగా బాధ కలిగించేది ఇదే.

ఈ పనులకు నెట్ అక్కర్లేదు. మన కంప్యూటర్‌లో ఉండే మామూలు టెక్స్ట్ ఎడిటర్‌నే (నోట్‌ప్యాడ్ లాంటిది) కొంచెం సర్దుకుంటే, మౌస్‌తో ఎంచుకున్న నాలుగు లైన్లను ఒక షెల్ కమాండ్‌కు, అంటే కంప్యూటర్‌కు టైపు చేసి ఇచ్చే చిన్న ఆజ్ఞకు పంపి, అది ఇచ్చిన జవాబును అదే చోట పెట్టుకోవచ్చు. ఎంచుకున్న భాగం కమాండ్‌లోకి వెళ్తుంది, కమాండ్ నుంచి బయటికి వచ్చింది ఆ భాగం స్థానంలో కూర్చుంటుంది, అంతే. మిగతా ఫైలు కదలదు. ఒకసారి సెట్టింగ్ పెట్టుకుంటే ఆ తర్వాత రెండు మీటల పని.

ఇది కొత్తగా పుట్టింది కాదు. అమెరికాలో బెల్ ల్యాబ్స్‌లో డగ్ మెకిల్రాయ్ అనే ఆయన, తోటకు నీళ్లు పట్టే గొట్టాలను ఒకదానికొకటి బిగించినట్టు ప్రోగ్రాములను కలుపుకునే వీలుండాలని 1964లోనే రాసి పెట్టాడు. 1973లో కెన్ థాంప్సన్ దాన్ని యూనిక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌లో పైపు పేరుతో చేసి చూపించాడు. అప్పటి నుంచి చిన్న చిన్న కమాండ్లు ఒక్కొక్కటి ఒక్కో పని మాత్రమే చేస్తూ, ఒకదాని ఫలితం ఇంకోదానికి అందిస్తూ నడుస్తున్నాయి. ఆ తర్వాత 1976లో బిల్ జాయ్ మొదలుపెట్టిన వీఐ అనే ఎడిటర్‌లో ఆశ్చర్యార్థక గుర్తు కొట్టి లైన్లను కమాండ్ గుండా పంపే ఏర్పాటు వచ్చింది. ఇవాళ ఉచితంగా దొరికే ఎడిటర్లలో చాలావాటికి ఈ గుణం ఉంది, మనవాళ్లకు ఎవరూ చూపించలేదు.

కొత్తవాళ్లకు నేను చెప్పేది జీనీ అనే ఎడిటర్. విండోస్‌లో, దానిలాగే కంప్యూటర్‌ను నడిపే ఉచిత సిస్టమ్ లైనక్స్‌లో, రెండింటిలోనూ వస్తుంది, పాత కంప్యూటర్‌లో కూడా తేలికగా నడుస్తుంది. దాంట్లో ఎడిట్ మెనూలోకి వెళ్లి ఫార్మాట్, అందులో సెండ్ సెలెక్షన్ టు అనే చోట సెట్ కస్టమ్ కమాండ్స్ అని ఉంటుంది. అక్కడ మనకు కావలసిన కమాండ్ రాసి పెట్టుకుంటే మొదటి దానికి కంట్రోల్ 1, రెండోదానికి కంట్రోల్ 2 అలా మీటలు వస్తాయి. కమాండ్లు రెండు మూడు కలిపి నడపాల్సి వస్తే వాటిని చిన్న స్క్రిప్టు ఫైలులో రాసి ఆ ఫైలు పేరు ఇవ్వడం మేలు. గెడిట్ అనే ఎడిటర్ వాడేవాళ్లు ఎక్స్‌టర్నల్ టూల్స్ అనే ప్లగిన్ (అదనపు సౌకర్యం) ఆన్ చేసుకుని, ఇన్‌పుట్ దగ్గర ఎంచుకున్న భాగం అని, అవుట్‌పుట్ దగ్గర ఎంచుకున్న భాగం స్థానంలో అని పెట్టుకోవాలి. కేట్ అనే ఎడిటర్‌లో కూడా ఇలాంటి ప్లగిన్ ఉంది. ఈమ్యాక్స్ అనే ఎడిటర్‌లో మెటా మీటతో (మామూలు కీబోర్డులో ఆల్ట్) నిలువు గీత కొడితే కమాండ్ అడుగుతుంది, దానికి ముందు కంట్రోల్ యూ కొడితే ఫలితం అక్కడే కూర్చుంటుంది. వీఐకి కొత్త రూపమైన విమ్‌లో షిఫ్ట్ వీ నొక్కి లైన్లు ఎంచుకుని కోలన్ కొట్టి, ఆశ్చర్యార్థకం, దాని పక్కన కమాండ్ పేరు, ఎంటర్. విమ్‌ను 1991లో విడుదల చేసి 2023లో చనిపోయేదాకా దాన్ని సాకిన బ్రామ్ మోలెనార్ ఎవరి దగ్గరా ధర అడగలేదు, ఇష్టమైతే ఉగాండాలో పిల్లలకు సాయం చేయండి అని మాత్రం అడిగాడు. అలాంటివాళ్ల కష్టం మన టేబుల్ మీద ఉచితంగా ఉంది, వాడుకోకపోవడం మన నష్టం.

విండోస్ మాత్రమే ఉన్నవాళ్లు నోట్‌ప్యాడ్ ప్లస్ ప్లస్‌లో ఎడిట్ మెనూ కింద లైన్ ఆపరేషన్స్ చూడండి, డూప్లికేట్ లైన్లు తీసేయడం, వరుసలో పెట్టడం అక్కడే ఉన్నాయి. అంతకు మించి కావాలంటే విండోస్‌లోనే లైనక్స్ నడిపే ఏర్పాటును మైక్రోసాఫ్టే ఇస్తోంది. విండోస్ 10కు 2025 అక్టోబర్ 14తో మామూలు సపోర్టు అయిపోయింది, మన షాపుల్లో విండోస్ 11 ఎక్కని పాత సిస్టమ్‌లు ఉన్నాయి కాబట్టి ఒక దాంట్లో లైనక్స్ వేసి లిస్టుల పనికి పెట్టుకోవచ్చు. పేజీలు కూర్చే పేజ్‌మేకర్, అను ఉన్న సిస్టమ్‌ను దాని పనికి దాన్ని వదిలేయండి.

కమాండ్ల సంగతి. సార్ట్ అనేది లైన్లను వరుసలో పెడుతుంది, దానికి హైఫన్ యూ తగిలిస్తే ఒకేలా ఉన్న లైన్లలో ఒకటే మిగులుస్తుంది. యునీక్ అనే ఇంకోటి ఉంది, అది పక్కపక్కన ఉన్న నకళ్లను మాత్రమే తీస్తుంది, ఈ సంగతి తెలియక చాలామంది అది పని చేయడం లేదనుకుంటారు. చందాల లిస్టులో ముందు ఇచ్చినవాడి పేరు ముందే ఉండాలి, వరుస మారితే ఊళ్లో గొడవ, అలాంటప్పుడు ఆక్ అనే కమాండ్‌తో ఒకే ఒక్క లైను రాసుకుంటే వరుస చెడకుండా రెండోసారి వచ్చిన పేర్లు మాత్రమే పోతాయి. అదే ఆక్‌తో ప్రతి లైను చివర ఉన్న రూపాయలు కూడుకోవచ్చు. సెడ్ అనేది వెతికి మార్చడానికి. నంబర్ల ముందు ప్లస్ తొంభై ఒకటి, మధ్యలో ఖాళీలు, వీటన్నింటినీ సెడ్ ఒక్క దెబ్బకు తీసేస్తుంది. విండోస్ నుంచి వచ్చిన ఫైలులో ప్రతి లైను చివర కంటికి కనిపించని గుర్తు ఒకటి ఉంటుంది, దాని వల్ల అచ్చం ఒకేలా కనిపించే రెండు లైన్లు కంప్యూటర్‌కు వేరు వేరుగా అనిపిస్తాయి, ముందు దాన్ని కడిగేయాలి.

ఎక్సెల్ ఉంది కదా, ఇదంతా ఎందుకు అనేవాళ్లున్నారు. లెక్కలకు ఎక్సెల్ మంచిదే. కానీ బ్యాంకు ఖాతా నంబర్ల లిస్టును నేరుగా ఎక్సెల్‌లో పేస్ట్ చేస్తే ముందున్న సున్నాలు ఎగిరిపోతాయి, 15 అంకెలు దాటితే ఆ తర్వాతి అంకెలు సున్నాలైపోతాయి, ఆధార్ నంబరేమో గడిలో ఇంగ్లిష్ అక్షరం E తో కుదించి చూపిస్తుంది. కాలమ్‌ను ముందే టెక్స్ట్ అని పెట్టుకోవాలని తెలిసినవాళ్లు పెట్టుకుంటారు, తెలియని పిల్లవాడు పెట్టడు, అక్కడ కూలీ డబ్బు వేరే ఖాతా వెతుక్కుంటూ పోతుంది. టెక్స్ట్ ఎడిటర్ అంకెను అంకెలాగే ఉంచుతుంది, దేన్నీ తనంతట తాను దిద్దదు.

తెలుగు విషయానికి వస్తే ఇంకొంచెం జాగ్రత్త కావాలి, ఇక్కడే ఇంగ్లిష్ వీడియోలు చూసి నేర్చుకున్నవాళ్లు ఆగిపోతున్నారు. మహబూబ్‌నగర్ అనే పేరే తీసుకోండి. బ కింద పొల్లు ఉండి న విడిగా రావాలంటే ఆ రెండింటి మధ్య కంటికి కనిపించని ఒక విడదీసే గుర్తు ఉండాలి. కొన్ని కీబోర్డులు దాన్ని పెడతాయి, కొన్ని పెట్టవు, అప్పుడు న ఒత్తుగా మారి కిందికి పోతుంది, అది నచ్చక కొందరు మధ్యలో స్పేస్ కొడతారు. ఒకే లిస్టులో మూడు రకాల మహబూబ్‌నగర్లు తయారవుతాయి, డూప్లికేట్లు ఎందుకు పోవడం లేదో తెలియక తల పట్టుకుంటారు. నల్గొండ, నల్లగొండ సంగతి చెప్పనే అక్కర్లేదు, రెండూ వాడుకలో ఉన్నాయి, నేనే రెండూ రాస్తాను. ముందుగా సెడ్‌తో అన్నింటినీ ఒకే రూపంలోకి తెచ్చే స్క్రిప్టు ఒకటి రాసి మీటకు తగిలించుకోవాలి, ఆ తర్వాతే సార్ట్. మన జిల్లాల ఊళ్ల పేర్లతో ఇలాంటి స్క్రిప్టు ఎవరైనా ఒక్కసారి కూర్చుని చేస్తే అందరికీ పనికొస్తుంది.

అక్షరాలు మార్చడానికి ఇంగ్లిష్‌లో అందరూ చెప్పే టీఆర్ అనే కమాండ్ లైనక్స్‌లో తెలుగుకు పనికిరాదు, అది ఒక్కో బైటునే (కంప్యూటర్ సమాచారాన్ని దాచుకునే చిన్న ముక్క) చూస్తుంది, యూనికోడ్ అక్షరాలను దాచే యూటీఎఫ్ 8 పద్ధతిలో తెలుగు గుర్తు ఒక్కోదానికి మూడు బైట్లు పడతాయి. కాబట్టి తెలుగు దగ్గర సెడ్ వాడాలి. డబ్ల్యూసీ కమాండ్‌తో అక్షరాలు లెక్కించినా ఇదే తేడా. నల్గొండ అని రాస్తే మన కంటికి మూడు అక్షరాలు, కంప్యూటర్‌కు ఏడు గుర్తులు, 21 బైట్లు. వరుస సంగతి కూడా చూసుకోవాలి. బైట్ల లెక్కన సార్ట్ చేస్తే కళ్యాణి ముందు, కవిత తర్వాత వస్తుంది, ఎందుకంటే యూనికోడ్‌లో ళ అక్షరం వ కంటే ముందుంది, బడిలో చదువుకున్న వర్ణమాలలో మాత్రం ళ అనేది హ తర్వాత. హాజరు పట్టీలు చేసేవాళ్లు ఒకసారి కంటితో కూడా చూసుకోవాలి.

మొత్తం ఫైలు మీద కాకుండా ఎంచుకున్న భాగం మీద మాత్రమే కమాండ్ నడపడం ఎందుకు అంత ముఖ్యమో మన జిల్లాలవాళ్లకు చెప్పడం సులువు. 2016 అక్టోబర్ 11న ఉమ్మడి నల్లగొండ మూడు జిల్లాలైంది. పాలమూరు నుంచి నాగర్‌కర్నూల్, వనపర్తి, జోగులాంబ గద్వాల విడిపోయాయి, 2019 ఫిబ్రవరిలో నారాయణపేట వచ్చింది. పాత లిస్టులు ఇప్పటికీ పాత జిల్లా పేర్లతోనే వస్తున్నాయి. నల్గొండ అని ఉన్నచోటల్లా సూర్యాపేట అని మార్చేయమంటే దేవరకొండవాళ్లు కూడా సూర్యాపేటకు పోతారు. కోదాడ, హుజూర్‌నగర్ లైన్లు ఎంచుకుని ఒక మీట, భువనగిరి, ఆలేరు లైన్లు ఎంచుకుని ఇంకో మీట, అలంపూర్ లైన్లకు వేరే మీట. మనిషి చూసి ఎంచుకుంటాడు, కంప్యూటర్ మార్చుతుంది. పూర్తిగా యంత్రానికి వదిలేయకుండా, పూర్తిగా చేత్తో దిద్దకుండా మధ్యలో ఉండే ఈ పద్ధతి మన పనికి సరిగ్గా కుదురుతుంది, నాకు ఇది అంత నచ్చడానికి కారణం కూడా అదే.

ప్రతి షాపులోనూ తప్పకుండా ఉండాల్సిన మీట ఒకటుంది. 12 అంకెల ఆధార్ నంబరు కనిపిస్తే మొదటి ఎనిమిది అంకెల చోట చుక్కలు గానీ నక్షత్రాలు గానీ పెట్టి చివరి నాలుగే ఉంచే సెడ్ స్క్రిప్టు. ఆధార్ సంస్థ ఇచ్చే మాస్క్‌డ్ ఆధార్‌లో కూడా చివరి నాలుగంకెలే కనిపిస్తాయి. నంబర్ మధ్య ఖాళీలు ఉన్నా లేకపోయినా పట్టుకునేలా రాసుకోవాలి. గోడకు అంటించే లిస్టు, వాట్సాప్ గ్రూపులో పెట్టే లిస్టు ఏదైనా సరే, పంపే ముందు మొత్తం ఎంచుకుని ఈ మీట నొక్కాలి. ఫలానా స్కీములో పేరొచ్చిన అవ్వ ఆధార్ నంబరు పూర్తిగా ఊరందరి ఫోన్లలో తిరగాల్సిన అవసరం ఏముంది చెప్పండి.

కొన్ని జాగ్రత్తలు. కమాండ్ పేరు తప్పు కొడితే విమ్‌లో లిస్టు మాయమై దాని చోట ఇంగ్లిష్‌లో ఎర్రర్ మాట వచ్చి కూర్చుంటుంది, కొత్తవాళ్లకు టెన్షన్ పుడుతుంది, కంగారు పడకుండా యూ కొడితే వెనక్కి వస్తుంది. జీనీ, గెడిట్, కేట్‌లలో కంట్రోల్ జెడ్. అసలు ఫైలు నకలు ఒకటి పక్కన పెట్టుకోకుండా ఏ పనీ మొదలుపెట్టకూడదు. ఇంకోటి, ఎంచుకున్న మాటలను కమాండ్‌కు ఇవ్వడం వేరు, ఎంచుకున్న మాటలనే కమాండ్‌గా నడపడం వేరు. రెండోది కూడా ఎడిటర్లలో పెట్టుకోవచ్చు, తెలిసినవాళ్లకు అది కూడా పనికొస్తుంది, కానీ ఎవరో పంపిన మెసేజ్‌ను, వీడియో కింద రాసిన లైనును అర్థం తెలియకుండా అలా నడిపితే ఫైళ్లు మొత్తం పోయే ప్రమాదం ఉంది. షాపులో పిల్లలకు మొదటిది మాత్రమే నేర్పండి.

మహాత్మా గాంధీ యూనివర్సిటీ, పాలమూరు యూనివర్సిటీ పరిధిలో కంప్యూటర్స్ చెప్పే కాలేజీలు ఎన్నో ఉన్నాయి. యూనిక్స్ అనే సబ్జెక్టు పేరుకు చదువుతారు, పరీక్షలో పైపు గురించి ఐదు మార్కుల జవాబు రాస్తారు, ల్యాబ్ నుంచి బయటికి వచ్చాక నాలుగొందల పేర్ల లిస్టు ఇస్తే కూర్చుని ఒక్కొక్కటి చేత్తో దిద్దుతారు. తప్పు పిల్లలది కాదు, చదివినదానికీ షాపులో పనికీ మధ్య దారి ఎవరూ చూపించలేదు. చివరి ఏడాది ప్రాజెక్టును హైదరాబాద్‌లో కొనుక్కుని బైండింగ్ చేయించే బదులు, మన దగ్గర నిజంగా కావలసింది చేయమనండి. అను ఫాంటు మ్యాటర్‌ను యూనికోడ్‌లోకి మార్చే స్క్రిప్టు ఎడిటర్‌లో ఒక మీటకు తగిలించి ఇస్తే జిల్లాలో ప్రతి డీటీపీ షాపూ వాడుకుంటుంది. అది సులువైన పని కాదు, ఆ ఫాంటులో చాలా అక్షరాలు ఒకే ముక్కగా ఉండవు, తలకట్టు ఒక ముక్క, గుణింతం ఒక ముక్క, ఒత్తు ఒక ముక్కగా ఉంటాయి, వాటిని యూనికోడ్ వరుసలో తిరిగి పేర్చాలి. డిగ్రీ పిల్లల బృందానికి ఒక ఏడాది పనికి సరిగ్గా సరిపోతుంది, కష్టమైనదే కాబట్టి నిజంగా నేర్చుకుంటారు కూడా.

మీ పత్రికను నేను కోరేది, వారానికోసారి జిల్లా పేజీలో చిన్న బాక్స్ ఇచ్చి ఒక్కో వారం ఒక్కో కమాండ్, అది ఏ ఎడిటర్‌లో ఎలా పెట్టుకోవాలో, తెలుగు మ్యాటర్‌తో ఉదాహరణ చూపించి వేయండి. కమాండ్‌ను మాత్రం ఉన్నది ఉన్నట్టు అచ్చు వేయాలి, హైఫన్‌ను కంపోజింగ్‌లో పొడుగు గీతగా మారిస్తే అది నడవదు. ఈలోపు నల్లగొండలో ఎవరైనా షాపులవాళ్లు, విద్యార్థులు నేర్చుకోవాలంటే నేను చూపిస్తాను, డబ్బులేమీ వద్దు. పగలు గిరాకీ ఉంటుంది కాబట్టి సాయంత్రం ఏడు దాటాక రమ్మనండి, పెన్‌డ్రైవ్ తెచ్చుకుంటే నా దగ్గరున్న స్క్రిప్టులు అన్నీ ఎక్కించి ఇస్తాను.

ఇట్లు,
ఒక డీటీపీ ఆపరేటర్,
ప్రకాశం బజార్, నల్లగొండ